తియెన్‌ఫా మేస్త్రీ బోర్డు మీద ఒట్టు

జూచీ ఊరు దాటి కొండ రోడ్డు ఎక్కబోయే మలుపులో షియే తియెన్‌ఫా షెడ్డు ఉంటుంది. షెడ్డు అన్నాక జాకీలు, పాత టైర్లు, నేల మీద నూనె మరకలు ఉండాలి. అవన్నీ ఉన్నాయిగాని ముందు కంటబడేది మాత్రం టీ బల్ల. పెద్ద చెట్టు వేరుమొద్దు చెక్కి నునుపు చేసిన బల్ల. దాని మీద మట్టి కూజా, ఒక్క గుక్కకు సరిపోయే గిన్నెలు, వేరుశనగ తొక్కల గుట్ట. మా వైపు బండి రిపేరుకి తెచ్చినవాడు ముందు టీ తాగాలి, ఆ తర్వాతే రోగం చెప్పుకోవాలి. అతను రోగం చెప్పేలోపు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మందు చెప్పేసి ఉంటారు.

బల్ల దగ్గర శాశ్వత సభ్యులు ఇద్దరు. ఒకరు తూ పెద్దాయన. కొండ మీదికి పోయే చిన్న రైలు నడిపి ఎప్పుడో రిటైరయ్యాడు. ఆ రైలు దిగాడేగాని రైలు ఆయన్ని దిగలేదు. జలుబు దగ్గర్నుంచి మనవరాలి పెళ్ళి వరకు అన్నిటినీ బాయిలరు లెక్కలోనే చూస్తాడు. రెండోవారు కాన్ మాస్టారు. బడిలో భూగోళం చెప్పేవారు. ఇప్పుడు ఫోనులో వీడియోలు చూసి ప్రపంచంలోని ఇంజిన్లన్నిటికీ వైద్యం నేర్చుకున్నారు. చేత్తో స్పానరు పట్టిన పాపాన పోలేదు.

ఇక తియెన్‌ఫా. తియెన్‌ఫా జన్మలో తప్పు చేయలేదు. ఇది ఊరు అన్న మాట కాదు, అతనే అన్న మాట. ఇంజిన్ విప్పి బిగించాక రెండు బోల్టులు మిగిలితే కంపెనీవాడు దండిగా ఇచ్చాడనేవాడు. క్లచ్ మళ్ళీ పోతే డ్రైవరు కాలు బరువనేవాడు. తన పెళ్ళికి తనే ఆలస్యంగా వెళ్ళి, ముహూర్తం పెట్టినవాడు తొందరపడ్డాడన్నాడు. ఈ సంగతి అతని భార్య లియెన్‌జూ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఎవరైనా పని మీద అనుమానపడితే అతను వాదించడు. చేతిలోని స్పానరు భుజం మీదుగా వెనక్కి చూపిస్తాడు. అక్కడ షెడ్డు నెత్తిన ఒక చెక్క బోర్డు ఉంది. అతనికి పని నేర్పిన గురువు కుంచె పట్టి తన చేత్తో రాసిచ్చిన బోర్డు. "ఆ బోర్డు ఎవరిచ్చారో తెలుసా?" అని అడుగుతాడు. తెలుసు, అందరికీ తెలుసు. అయినా మళ్ళీ చెబుతాడు. అనుమానపడ్డవాడు అలిసిపోయి డబ్బు కట్టి వెళ్ళిపోతాడు.

ఆ ఎండాకాలం యువేషా బండి కొండ మధ్యలో మరిగిపోయింది.

యువేషాని కొండ మీద అందరూ కూరల అక్క అంటారు. నీలం రంగు చిన్న ట్రక్కులో టోఫు, చేపలు, సేమ్యా, వంకాయలు, పంది మాంసం సర్దుకుని పైన షిజువో టీ తోటల ఊళ్ళదాకా వెళ్ళి అమ్ముకొస్తుంది. భర్త పోయాక ఆ ట్రక్కే ఆమెకు ఇల్లూ వాకిలీ. మైకులో రికార్డు చేసిన ఆమె గొంతే రోజూ కొండంతా మోగుతుంది. వెనక తలుపుకి పిల్లల చిరుతిళ్ళ పొట్లాలు దండలా వేలాడుతుంటాయి. ఊళ్ళో ఎక్కించేటప్పుడు వడిలినట్టుండే ఆ పొట్లాలు పైకి చేరేసరికి గాలి పల్చబడి కప్పల్లా ఉబ్బుతాయి. పైన పిల్లలు బాగా ఉబ్బినదాన్ని ఏరుకుంటారు, లోపల సరుకు ఎక్కువుంటుందని వాళ్ళ ఆశ.

మరిగిన ఇంజిన్‌ని లాక్కొచ్చి తియెన్‌ఫా షెడ్డులో పడేశారు. అది పెద్ద రిపేరే. ఇంజిన్‌కి మూతలా ఉండే హెడ్డు దింపాడు. వేడికి వంగిపోయింది. సాన పట్టించి, నీళ్ళు కారకుండా మధ్యలో కొత్త గ్యాస్‌కెట్ వేసి, వాటర్ పంపు మార్చి, తిరిగి బిగించాడు. నిజం చెప్పాలంటే పని శుభ్రంగా చేశాడు. అతని నోటి మీద ఎన్ని ఫిర్యాదులున్నా చేతి మీద ఊరికి లేవు.

ఆఖరున చేయాల్సింది చేశాడు. మా దేశంలో ఏ యంత్రం బుద్ధిగా నడవాలన్నా దాని పక్కన ఒక చిరుతిండి పొట్లం పెడతారు. కొబ్బరి రుచి మొక్కజొన్న బుడగల పొట్లం, దాని పేరుకి అర్థమే బుద్ధిగా ఉండమని. అది ఆకుపచ్చదే అయ్యుండాలి, పచ్చ దీపంలా ఆగకుండా సాగమని. విప్పకూడదు. గడువు తీరకూడదు. ఆసుపత్రిలో, బ్యాంకులో, కంప్యూటర్ల గదుల్లో పెద్ద చదువులు చదివినవాళ్ళే వరుసగా పేర్చి పెడతారు. ఇక షెడ్డు ఎంత? ఆ ట్రక్కుకి ఇంజిన్, డ్రైవరు పక్క సీటు కిందే ఉంటుంది. తియెన్‌ఫా సీటు ఎత్తి, పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని, రేడియేటర్‌లో పొంగిన కూలెంటు నీళ్ళు చేరే తెల్ల డబ్బాకీ రేకు గోడకీ మధ్య ఉన్న సందులో పొందిగ్గా దూర్చాడు. కుదుపులకు కదలకుండా వేలితో ఇంకాస్త నొక్కాడు. సీటు దించి నమస్కారం పెట్టాడు.

టీ బల్ల దగ్గర కాన్ మాస్టారు ఊరుకోలేదు. "హెడ్డు వంగిన ఇంజిన్ ఎప్పటికీ పాతదిలా ఉండదు తియెన్‌ఫా. నీళ్ళు తాగుతూనే ఉంటుంది. నేను చూసిన వీడియోలో..."

"మాస్టారూ, ఈ ఇంజిన్ ఒక్క చుక్క నీళ్ళు తాగినా ఆ బోర్డు నా చేత్తో నేనే దింపేస్తా. తూ బాబాయ్, నువ్వు సాక్ష్యం."

"సాక్ష్యం," అన్నాడు తూ పెద్దాయన వేరుశనగకాయ ఒలుస్తూ. "బోర్డు దింపడమంటే మాటలు కాదురోయ్. నిచ్చెనుందా?"

మా వైపు బోర్డు దింపుతానని ఒట్టేయడం మీసం తీయించుకుంటాననడం లాంటిది కాదు. మీసం మళ్ళీ మొలుస్తుంది, దింపిన బోర్డు మళ్ళీ ఎక్కదు. యువేషా ఆ ఒట్టు వినలేదు. ఆమె వంకాయల బుట్టలు ఎక్కించుకునే పనిలో ఉంది.

నాలుగు రోజులకే ఆమె మళ్ళీ వచ్చింది. టీ బల్ల దగ్గర ఆగలేదు. ఎప్పుడూ ఆగదు. చేపల మీద మంచు కరిగిపోతుంటే గిన్నెడు టీ తాగుతూ కూర్చునే తీరిక ఆమెకు లేదు, రమ్మని పిలిచినవాళ్ళూ లేరు.

"తియెన్‌ఫా, నీళ్ళు తగ్గుతున్నాయయ్యా. పైన షిజువోలో బండి ఆపి, సరుకు అమ్ముకున్నాక సీటు ఎత్తి చూస్తే తెల్ల డబ్బా నిండుగా ఉంది. రేడియేటర్ మూత తీస్తే లోపల ఖాళీ."

"వేడి మీద మూత తీశావా?"

"చల్లారాకే తీశాలే. ఒక సీసా పోశాను. దిగేటప్పుడు రోడ్డు మీద గులాబీ రంగు కూలెంటు చుక్కలు పడుతూ వచ్చాయి."

తియెన్‌ఫా సీటు ఎత్తాడు. అంతకుముందు రాత్రంతా ఊళ్ళో ఆగిన బండి. చల్లగా ఉంది. చూస్తే రేడియేటర్‌లో నీళ్ళు అంచుదాకా ఉన్నాయి, తెల్ల డబ్బాలోనే అడుగంటాయి.

"అక్కా, నువ్వు తలకిందులుగా చూశావు. డబ్బా ఖాళీ, రేడియేటర్ నిండు. ఇదిగో." బల్ల వైపు తిరిగి కన్ను గీటాడు. "కూరలు నువ్వు చూసుకో, రేడియేటర్ నేను చూసుకుంటా."

బల్ల నవ్వింది. యువేషా మొహం ఎర్రబడింది. తను కళ్ళారా చూసిందే, కానీ కళ్ళముందున్నది ఇంకోలా ఉంటే ఏమంటుంది? తియెన్‌ఫా డబ్బా నింపి, "పెద్ద రిపేరు తర్వాత లోపల గాలి ఉండిపోతుంది. అది బయటికొచ్చేదాకా కాస్త తగ్గుద్ది. మామూలే," అని పంపించాడు.

గాలి బయటికి రావడం ఆగలేదు. యువేషా రావడమూ ఆగలేదు.

ఈసారి తియెన్‌ఫా బండిని షెడ్డులోకి ఎక్కించాడు. రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు బిగించి ఒత్తిడి పెట్టాడు. ముల్లు ఎక్కిన చోటే నిలబడింది, వెంట్రుకవాసి కదల్లేదు. నూనె మూత తీసి చూశాడు. నీళ్ళు కలిస్తే నూనె పాలు పోసిన టీలా మారాలి, మారలేదు. పొగగొట్టం దగ్గర తెల్ల పొగ లేదు. గ్యాస్‌కెట్ కారుతుంటే రంగు మారాల్సిన మందు నీలంగానే ఉండిపోయింది. డ్రైవరు కాళ్ళ కింద చాప తడిమాడు, పొడిగా ఉంది. కొత్త మూత వేశాడు. రబ్బరు గొట్టాల బిగింపులన్నీ మార్చాడు. బండిని రైలు స్టేషన్‌దాకా తోలుకుపోయి, అక్కడ చాలాసేపు ఇంజిన్ ఆపకుండా నిలబెట్టి, తిరిగి తెచ్చి చూశాడు. చుక్క కారలేదు.

ఇంత వెతుకులాటలో సీటు కింద ఉన్న ప్రతి వస్తువూ దొంగలా కనబడింది, ఒక్కటి తప్ప. పని మొదలెట్టేముందు ఆకుపచ్చ పొట్లాన్ని రెండు చేతులా తీసి, శుభ్రమైన తువ్వాలు మీద కూర్చోబెట్టేవాడు. పని అయ్యాక "కాస్త ఓపిక పట్టు, బుద్ధిగా చూసుకో," అని దానికి చెప్పి మళ్ళీ అదే సందులో దూర్చి, వేలితో నొక్కేవాడు. దేవుడి గదిలో దొంగ కోసం వెతికేవాడు దేవుణ్ణి సోదా చేస్తాడా మరి?

టీ బల్లకి ఇది పండగ.

"ఇంజిన్ అన్నాక నీళ్ళు తగ్గాలి," అన్నాడు తూ పెద్దాయన. "మా బాయిలరులో తగ్గకపోతే భయపడేవాళ్ళం. మీరు తగ్గితే భయపడుతున్నారు. అదీ కాలమహిమ."

"హెడ్డులో కంటికి కనబడని పగులు," అన్నారు కాన్ మాస్టారు. "వీడియోలో అచ్చం ఇదే. ఇంజిన్ మార్చడమే మార్గం. పట్నంలో సోఫాలున్న షెడ్డుకి తీసుకుపొమ్మను. వాళ్ళకి కంప్యూటరుంది."

"కంప్యూటరుకి నీళ్ళు కనబడతాయా?" అన్నాడు తియెన్‌ఫా.

"బోర్డుకి కనబడుతున్నాయా మరి?"

తియెన్‌ఫా స్పానరు భుజం మీదుగా చూపించబోయి దించేశాడు. ఈమధ్య ఆ వైపు చెయ్యి లేవడం లేదు.

లియెన్‌జూ తన పద్ధతిలో తను కనుక్కుంది. వీధి చివర నేలదేవుడి గుడికి పోయి, అర్ధచంద్రాల్లాంటి రెండు ఎర్ర చెక్కలు పట్టుకుని, గ్యాస్‌కెట్టేనా స్వామీ అని అడిగి వేసింది. రెండూ చదునైన వైపు పైకి పడ్డాయి. అంటే దేవుడు అవునూ కాదూ అనకుండా నవ్వాడన్నమాట. పంపా అని అడిగింది. మళ్ళీ నవ్వాడు. హెడ్డులో పగులా అంది. మళ్ళీ అదే. విసుగొచ్చి, మా ఆయన తప్పా అని అడిగింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడింది. అవునన్నాడు. అనుమానం తీరడానికి ఇంకో రెండుసార్లు వేసింది. దేవుడు మాట మార్చలేదు.

భోజనాల దగ్గర ఈ మాట చెబితే తియెన్‌ఫా ముద్ద మింగి, "దేవుడేం మెకానిక్కా?" అన్నాడు.

"కాదు. అందుకే నిజం ఒప్పుకుంటున్నాడు," అంది లియెన్‌జూ.

అప్పటికి శీతాకాలపు టీ కోతలు దగ్గరపడ్డాయి. కోతలప్పుడు షిజువో టీ ఫ్యాక్టరీలో కూలీల వంటశాలకి సరుకంతా యువేషానే తోలాలి. ఏడాదిలో ఆమె నిలదొక్కుకునేది ఆ నెలలోనే. బండి ఒక్కరోజు మధ్యలో ఆగిపోయినా నూటికి పైగా మనుషులు పస్తుంటారు. ఈలోగా ఊళ్ళో కొత్తగా వెలిసిన సూపర్ మార్కెట్ వాళ్ళు, మా వ్యాను కొత్తది, సరుకు మేం తోలతామని ఫ్యాక్టరీ యజమానురాలి చుట్టూ తిరుగుతున్నారు. ఆవిడ యువేషాకి మొహమాటంగానే చెప్పింది: కోతలు మొదలయ్యేలోపు బండి సంగతి తేల్చెయ్, లేకపోతే నన్ను తప్పుబట్టొద్దు.

యువేషా షెడ్డుకొచ్చి, ఎప్పటిలాగే నిలబడే మాట్లాడింది.

"తియెన్‌ఫా, రేపు ఇంకొక్కసారి పైకి పోయి చూస్తా. మళ్ళీ నీళ్ళు పోతే బండి తుక్కుకిచ్చేస్తా. వంటశాల ఆ వ్యానువాళ్ళే చూసుకుంటారు. నీ తప్పేం లేదులే. బండీ ముసలిదైంది, నేనూ ముసలిదాన్నయ్యాను."

ఎవరైనా తిడితే తియెన్‌ఫా దగ్గర జవాబులు బోలెడు. నీ తప్పేం లేదన్న మాట అతనికి కొత్త. చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత, "నేనూ వస్తా," అన్నాడు.

లోపల గిన్నెలు కడుగుతున్న లియెన్‌జూ చేతిలో గిన్నె జారింది. ఎందుకంటే ఊళ్ళో ఆమెకొక్కదానికే తెలిసిన రహస్యం ఒకటుంది. తియెన్‌ఫాకి కొండ మలుపులు పడవు. రెండో మలుపుకి తల తిరుగుతుంది, నాలుగో మలుపుకి కడుపులో ఉన్నది బయటికొస్తుంది. ఇన్నేళ్ళుగా కొండెక్కే బండ్లన్నిటినీ రిపేరు చేసినవాడు ఒక్కసారీ ఆ కొండెక్కలేదు. ఏ బండినైనా స్టేషన్‌దాకా చదును రోడ్డు మీద తిప్పి, బ్రహ్మాండంగా ఉందని ఇచ్చేసేవాడు.

మర్నాడు బయల్దేరారు. యువేషా తోలుతోంది. తియెన్‌ఫా పక్క సీటు మీద, అంటే తను బిగించిన ఇంజిన్ మీదే, రెండు చేతులా సీటు పట్టుకుని కూర్చున్నాడు. వెదురు తోపులు దాటేసరికే మాటలు తగ్గాయి. పోకచెట్ల తోటలు దాటేసరికి కళ్ళు మూసుకున్నాడు. యువేషా ఏమీ అడగకుండా అల్లం ముక్క ఒకటి, ప్లాస్టిక్ సంచి ఒకటి అతని ఒళ్ళో పెట్టింది. రెండూ అక్కరకొచ్చాయి. వెనక తలుపుకి వేలాడే పొట్లాలు ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు మలుపు మలుపుకీ పెరుగుతోంది.

షిజువోలో మబ్బు కాళ్ళ కిందికి వచ్చింది. బండి ఆగగానే ముసలమ్మలు చుట్టుముట్టారు.

"కూరలక్కా, ఇవాళ మనిషిని కూడా తెచ్చావే. కిలో ఎంత?"

"మేస్త్రీ అమ్మా. బండిని చూడ్డానికొచ్చాడు."

"ముందు ఆయన్నెవరైనా చూడండి. మొహం క్యాబేజీ రంగుకొచ్చింది."

తియెన్‌ఫా రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, భూమి కదలడం ఆగేదాకా ఉన్నాడు. యువేషా చేపలు తూచింది, టోఫు కోసింది, ఒకావిడ కోడలి మీద చెప్పిన ఫిర్యాదు ఆసాంతం విన్నది. ఇంజిన్ చల్లారింది. అప్పుడు తియెన్‌ఫా లేచి వెళ్ళి సీటు ఎత్తాడు.

తెల్ల డబ్బా అంచుదాకా నిండి ఉంది.

చేత్తో మూత తిప్పి రేడియేటర్‌లోకి చూశాడు. ఖాళీ. పైనున్న లావు గొట్టం లోపలికి పీక్కుపోయి, పళ్ళూడిన బుగ్గలా ఉంది. యువేషా మొదటిరోజు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా కళ్ళముందుంది. అప్పుడతని చూపు ఆ సందు మీద పడింది. ఊళ్ళో మెత్తగా, అమాయకంగా ఉండే ఆకుపచ్చ పొట్లం ఇక్కడ కొత్త పెళ్ళికొడుకు తలదిండులా ఉబ్బి బిగుసుకుపోయింది. ఇంజిన్ వేడి ఒకటి, కొండ గాలి ఒకటి. అది రేకు గోడకి వీపు ఆనించి, రేడియేటర్ నుంచి డబ్బాకి పోయే సన్న గొట్టాన్ని కాగితంలా నొక్కేసింది. ఇంజిన్ వేడెక్కినప్పుడు నీళ్ళు ఒత్తిడి మీద ఆ సందులోంచి ఎలాగో డబ్బాలోకి దూకేవి. చల్లారాక వెనక్కి రావడానికి మాత్రం దారి లేదు. రేడియేటర్ ఖాళీ అయిందని పాపం యువేషా మళ్ళీ నీళ్ళు పోసేది, డబ్బా పొంగి రోడ్డు పాలయ్యేది. కొండ దిగేసరికి పొట్లం సద్దుమణిగి, గొట్టం తెరుచుకుని, రేడియేటర్ నిండి, పాపం పుణ్యం ఎరగనట్టు షెడ్డులోకి వచ్చేది.

తియెన్‌ఫా పొట్లం పట్టుకుని లాగాడు. రెండు చేతులా కాదు, ఒక్క చేత్తోనే. గొట్టం ఊపిరి పీల్చింది. డబ్బాలో నీళ్ళు గుటగుటమంటూ అతని కళ్ళముందే దిగిపోసాగాయి.

"దొరికిందా?" అని బండి వెనక నుంచి యువేషా కేకేసింది.

దేవుడు మూడుసార్లు చెప్పాడు. యువేషా అంతకుముందే చెప్పింది. తియెన్‌ఫా పొట్లాన్ని కోటు లోపలికి తోసి బొత్తాం పెట్టుకున్నాడు.

"దొరికింది. చిన్న సర్దుబాటు."

"ఏంటది?"

"చెప్పినా నీకు అర్థం కాదక్కా."

దిగేటప్పుడు అతని కోటు కింద ఎత్తుగా ఉన్న పొట్ట మలుపు మలుపుకీ తగ్గుతూ వచ్చింది. అతను కళ్ళు తెరవలేదు. యువేషా సంచి సిద్ధంగా పెట్టింది.

ఆ వారంలో బండి చుక్క నీళ్ళు తాగలేదు. టీ బల్ల దగ్గర తియెన్‌ఫా కథ చెప్పాడు. సంచారం చేసే గాలిబుడగ అట. చదును మీద దాక్కుంటుందట. మలుపుల్లో మాత్రమే తల బయటపెడుతుందట. దాన్ని పట్టాలంటే కొండ మీద చల్లారే సమయం చూసి మూత ఒక రకంగా తిప్పాలట. కాన్ మాస్టారు ఇది ఏ వీడియోలోనూ లేదని ఒప్పుకున్నారు. తూ పెద్దాయన, తమ రైలు బాయిలరులో ఇలాంటి బుడగ ఒకటి ఏడాదిపాటు తిరిగిందని గుర్తు తెచ్చుకున్నాడు. లియెన్‌జూ మాత్రం భర్త కోటు ఉతుకుతూ జేబులో నలిగిన ఆకుపచ్చ పొట్లం చూసింది. ఏమీ అనకుండా పనిముట్ల సొరుగులో పెట్టింది. సొరుగు తీసినప్పుడల్లా అది అతనికి కనబడేది. అతను సొరుగు తీయడం తగ్గించాడు.

కోతలు రేపనగా యువేషా వచ్చింది. పెద్ద అట్టపెట్టె బల్ల మీద పెట్టింది. నిండా ఆకుపచ్చ పొట్లాలే.

"ఏంటక్కా ఇది?"

"దాస్తావేంటి తియెన్‌ఫా. నాకు అర్థమైందిలే. ఆ రోజు నుంచి సీటు కింద పొట్లం లేదు. గడువు తీరిపోయింటుంది, అందుకే బండి మొండికేసింది. నువ్వు చల్లగా తీసేశావు. చెప్పుకోవడానికి సిగ్గేంటి, అందరం మర్చిపోతాం." ఆమె ఆనందంగా నవ్వింది. "ఇవాళే కొత్తవి పెట్టాను. ఒకటి కాదు, రెండు. నువ్వు పెట్టిన సందులోనే, కదలకుండా గట్టిగా కుక్కాను. పైన టీ తోటలవాళ్ళవీ ఇలాంటి నీలం బండ్లే, అందరికీ చెప్పాను. రేపు కోతలకి తిరిగే ట్రక్కులన్నీ అక్కడే పెట్టుకుంటాయి. మేస్త్రీ చూపించిన చోటు మహత్తు ఉన్న చోటని."

తియెన్‌ఫా టీ గిన్నె బల్ల మీద పెట్టేశాడు.

"అక్కడ వద్దులే అక్కా. ముందు అద్దం దగ్గర పెట్టుకో. బయటికి కనబడుతుంది, బాగుంటుంది."

"అందానికా పెడతాం? చోటు మార్చితే పని చేయదు."

"సీటు కింద వేడి. బుడగలు మెత్తబడిపోతాయి."

"తినేవాళ్ళెవరు?"

"ఒకటి చాలులే అయినా, రెండెందుకు?"

"కోతల నెలయ్యా. ఒకటి సరిపోదు."

కాన్ మాస్టారు అప్పటికే పెట్టెలోంచి ఒకటి తీసుకుని, తన స్కూటరు సీటు కింద పడుతుందా అని కొలుస్తున్నారు. తియెన్‌ఫాకి రేపటి కొండ కళ్ళముందు కనబడింది. ప్రతి మలుపులో ఒక నీలం ట్రక్కు, మూత తెరిచి, పొగలు కక్కుతూ. వంటశాలలో మండని పొయ్యి. వాటన్నిటి ముందు యువేషా, మైకు ఆపేసి, నీ తప్పేం లేదులే అంటూ. అతను లేచి నిలబడ్డాడు.

"పొట్లమే అక్కా," అన్నాడు. "నీళ్ళు పోవడానికి కారణం పొట్లమే. నేను పెట్టిందే. పైకి పోయేసరికి ఉబ్బి గొట్టాన్ని నొక్కేస్తోంది. నువ్వు మొదటిరోజు చెప్పింది చెప్పినట్టే జరిగింది. నేను వినలేదు. గాలిబుడగ అంతా అబద్ధం."

తూ పెద్దాయన వేరుశనగకాయ ఒలవడం ఆపాడు. మెట్ల మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్న లియెన్‌జూ తలెత్తి భర్త వైపు చూసింది. పెళ్ళయ్యాక ఆమె ఆ మొహం చూడ్డం అదే మొదటిసారి.

యువేషా పరుగున వెళ్ళి సీటు ఎత్తి రెండు పొట్లాలూ లాగేసింది. ఫోను తీసి పైన ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టింది. "తీసెయ్. ముందు తీసెయ్. ఎందుకో తర్వాత చెబుతా. కాదమ్మా, గడువు కాదు, చోటు." కోప్పడాల్సిన మనిషికి తీరిక లేదు. అది చూస్తూ నిలబడటం తియెన్‌ఫాకి తిట్లకన్నా కష్టమైంది.

అతను షెడ్డు వెనక్కి పోయి నిచ్చెన తెచ్చాడు.

"ఉన్నట్టుందిరోయ్ నిచ్చెన," అన్నాడు తూ పెద్దాయన మెల్లగా. కానీ లేచి వచ్చి నిచ్చెన కాలు పట్టుకున్నది కూడా ఆయనే. బోర్డు బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఊళ్ళో అన్ని బోల్టులూ విప్పినవాడు వాటితో చాలాసేపు పెనుగులాడాడు. కిందికి దించి, గోడకి ఆనించి, అరచేత్తో దుమ్ము తుడిచాడు. తుడిచిన చోట ఏమీ లేదు. గురువు రాసిన అక్షరాలన్నీ ఎండకి వెలిసిపోయి, ఎప్పుడు పోయాయో కూడా తెలియనంతగా, ఉత్త చెక్క మిగిలింది. ఇన్నేళ్ళూ స్పానరు వెనక్కి చూపించాడేగాని తను ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

"ఇందులో ఏం రాసుండేది?" అని అడిగింది ఫోను పెట్టేసి వచ్చిన యువేషా.

"నువ్వు చదవలేదా అక్కా, ఇన్నేళ్ళలో?"

"లేదు. కొండ దిగాక మొదట తగిలే షెడ్డు నీదే. అక్కడికి వచ్చేసరికి బ్రేకులు కాలి వాసన కొడుతుంటాయి. ఇంకో షెడ్డుదాకా పోనిస్తాయా?"

కాన్ మాస్టారు నవ్వబోయి ఆపుకున్నారు. తియెన్‌ఫా ఆపుకోలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నూనె చెయ్యి, మొహమంతా నల్లబడింది. తర్వాత ఆ బోర్డు ఎత్తి, బల్లకి ఖాళీగా ఉన్న నాలుగో వైపు రెండు టైర్ల మీద అడ్డంగా వేశాడు. కూజాలో పాత ఆకు పారబోసి కొత్త ఆకు వేసి, వేడినీళ్ళు పోశాడు. మొదటి గిన్నె ఆ బోర్డు ముందు పెట్టాడు.

"కూర్చో అక్కా. మొదటిరోజు ఏం చెప్పావో ఇంకోసారి చెప్పు. మొదట్నుంచీ."

"చేపలు పాడైపోతాయి తియెన్‌ఫా."

"మంచు నేను తెప్పిస్తాను. చెప్పు."

యువేషా బోర్డు మీద కూర్చుంది. చెప్పింది. మధ్యలో తూ పెద్దాయన బాయిలరు సంగతి ఎత్తబోతే తియెన్‌ఫా చెయ్యెత్తి ఆపాడు.

మర్నాడు తెల్లవారకముందే నీలం ట్రక్కు వంటశాల సరుకుతో కొండెక్కింది. ఆకుపచ్చ పొట్లం ముందు అద్దం దగ్గర బుద్ధిగా ఉబ్బింది. కోతలు అయ్యేదాకా బండి ఒక్కరోజూ ఆగలేదు. షెడ్డుకి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, నెత్తిన బోర్డు లేదని ఒక్కరూ గమనించలేదు. బోర్డు ఇప్పటికీ టీ బల్ల దగ్గర రెండు టైర్ల మీదే ఉంది. రోగం చెప్పడానికి వచ్చినవాళ్ళు ముందు దాని మీద కూర్చోవాలి.